ఇంటి పెద్దలు పడకుండ

కల్హేరు నుండి యొక సోదరి వ్రాసిన జాబు మా యెదుట నున్నది. సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడు ప్రాంతమునకు చెందిన ఆ యూరిలో ఆమె అత్తగారితోను, ఇరువురు పిల్లలతోను కాపురముండును. వానలు పట్టిన యొక రాత్రి అత్తగారు మంచము దిగి పెరటిలోని మరుగుదొడ్డికి పోవుచు వెనుక గడపకడ జారి పడిరి. మణికట్టు విరిగినది. ఆసుపత్రిలో కట్టు వేయించి యింటికి తీసికొని వచ్చిన పిమ్మట కోడలు బుజ్జగించి యడుగగా, ఆ యేడు అంతకుముందే రెండు మారులు పడితినని వారు ఒప్పుకొనిరట. "మరి మాకు చెప్పలేదేమత్తమ్మా?" అని యడిగిన, "చెప్తె మీరు నన్ను గడప దాటనియ్యరు బిడ్డా" అనిరట.

అత్తగారి భయమే నిజమైనది. నాటినుండి ఇంటివారు వారిని మంచము దిగనీయక, అన్నము నీళ్లు మంచముకడకే అందించుచున్నారు. "మేము చేయునది మేలా, కీడా?" అని సోదరి ప్రశ్న.

ప్రేమతో చేసిన పనియే యైనను అది కీడేయని మా యుత్తరము. పెద్దలను పడకుండ కాపాడుట యనగా వారిని మంచమునకు కట్టివేయుట కాదు. వారు నడచు దారిని బాగుచేయవలెను. నడచు కాళ్లకు బలము చేకూర్చవలెను. ఈ రెండును ఇల్లాలు పూనుకొన్న జరుగు పనులు. పెద్ద వ్యయము లేనివి. వానినే ఈ మాసమున వివరించుచున్నాము.

ముసలితనమున పడుట మామూలేయని మనలో నొక మాట కలదు. ఆ మాట మనలను ఏమఱుపాటున నుంచుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము లోకమున ఏటేట సుమారు 6,84,000 మంది పడుటవలన ప్రాణములు కోల్పోవుచున్నారు. ప్రమాద మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. అట్లు మరణించువారిలో 60 ఏండ్లు పైబడినవారే యెక్కువ. సిరిసంపదలు, సేవకులు ఉన్నంత మాత్రమున ఈ ప్రమాదము తొలగదు. తెలంగాణ తొలి ముఖ్యమంత్రియైన కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు తమ 69వ యేట, 2023 డిసెంబరు 7వ తేదీ రాత్రి, ఎర్రవల్లిలోని తమ నివాసమున స్నానశాలలో పడగా ఎడమ తుంటియెముక విరిగినది. పండితుని యిల్లయినను పామరుని యిల్లయినను తడిసిన నేల జారుడు నేలయే.

ఇక దారి మాట. మన పల్లెయిండ్లలో పాత కొత్తలు కలిసియుండును. ముందు ఎత్తైన అరుగు, దానికి పట్టుకొన ఊతలేని మెట్లు. ద్వారమున జానెడు గడప. లోపల తాండూరు బండలో, షాబాదు బండలో, లేదా కొత్తగా వేసిన నున్నని టైల్సో. పెరటిలో నల్లరేగడి మన్ను. నాలుగు చినుకులు పడిన చాలును, అది కాలిని పట్టి లాగును. 2014 తరువాత స్వచ్ఛభారత్ పథకమున కట్టుకొన్న మరుగుదొడ్లు పలుచోట్ల పెరటి చివరనే యున్నవి. పగలు పదిమారులు క్షేమముగ నడచిన దారియే రాత్రివేళ నిద్రమబ్బున, తొందరలో, చీకటిలో ప్రమాదకరమగును.

కనుక సోదరీమణులకు మేము చెప్పు మొదటి పని యిది. ఒక రాత్రి మీరే పెద్దల మంచముపై పండుకొని, వారు లేచు వేళకు లేచి, వారు నడచు దారిని వారివలె మెల్లగా నడచి చూడుడు. దీపపు మీట చేతి కందుచున్నదా? కాలికి చాప తగిలినదా? సెల్‌ఫోను తీగ చుట్టుకొన్నదా? కోళ్లగంప, నీళ్లబిందె దారికి అడ్డముగ నున్నవా? తూలినప్పుడు పట్టుకొనుటకు ఏమి దొరకినది? ఒక కాగితముపై వ్రాసికొని, తెల్లవారగనే ఒక్కొక్కటి తొలగింపుడు.

మంచముకడనుండి మరుగుదొడ్డి వరకు రాత్రియంతయు చిన్న దీపము వెలుగవలెను. కరెంటు పోవు ఊళ్లలో తలగడ క్రింద టార్చిలైటు ఉండవలెను. వానకాలమున రాత్రివేళ పెరటికి పంపుటకన్న, మంచముప్రక్క మూతగల పాత్రయో, నడుమ రంధ్రముగల మలవిసర్జన కుర్చీయో యుంచుట మేలు. ఇందు సిగ్గుపడవలసినది లేదు. మరుగుదొడ్డిలోను, స్నానము చేయు చోటను గోడకు ఇనుప గొట్టమొకటి నడుమెత్తున గట్టిగ బిగింపించుడు. తువ్వాలు వేయు కమ్మిని, నీళ్ల కుళాయిని పట్టుకొని లేచుట ప్రమాదము. అవి మనిషి బరువు నోర్వవు. స్నానమునకు కాళ్లు కదలని పీటను వేసి కూర్చుండబెట్టుడు. సబ్బునురుగు నిలువకుండ కడిగి, పాచి పట్టినచోట వారమునకొకమారు బ్లీచింగు పొడితో రుద్దింపుడు.

గడపను తీసివేయుమని మేము చెప్పము. అది యింటి లక్ష్మి. గడపకు పసుపు పూయుట మన యాచారము. అదే తీరున గడప అంచునకును, మెట్ల అంచులకును పసుపుపచ్చని రంగు వేయించినచో మసకకంటికిని ఎత్తు తెలియును. వాకిలి అలికిన పిమ్మట, ఇల్లు తుడిచిన పిమ్మట, ఆరువరకు పెద్దలను ఆ వంక రానీయకుడు. అరిగిన హవాయి చెప్పులు జారును. మడమను పట్టియుంచు పట్టీగల చెప్పులు కొనిపెట్టుడు. చీర కుచ్చెళ్లు కాలి చీలమండకు పైననే యుండునట్లు కట్టుకొనవలెను.

దారి బాగుపడినను దేహము సహకరింపవలెను గదా. పండుకొని యున్నవారు చటుక్కున లేచి నిలిచినపుడు కొందరికి రక్తపుపోటు తగ్గి కండ్లు చీకట్లు కమ్మును. రక్తపుపోటు మందులు వాడువారికిని, నీళ్లు చాలినంత త్రాగనివారికిని ఇది తఱచు. మంచపు అంచున కూర్చుండి, కాళ్లు నేలకాన్చి, పాదములను పదిమారులు పైకి క్రిందికి ఆడించి, తల తిరుగుట లేదని నిశ్చయించుకొని లేచుట అలవాటు చేయింపుడు. నిద్రమాత్రలు తూలుడు కలిగించును. ఆయా వైద్యులు వ్రాసిన మందులన్నియు ఒక సంచిలో వేసికొని పోయి ఒక్క వైద్యునకు చూపి, వీనిలో అవసరము లేనిదేదియని యడుగుడు. మీయంతట మీరు మాత్రము ఏ మందును ఆపకుడు. మధుమేహము చిరకాలముగ నున్నవారి పాదములకు స్పర్శ తగ్గును. కాలిక్రింది రాయి వారికి తెలియదు.

కండ్ల సంగతియు నంతే. 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపూరులో ఆరంభమైన కంటి వెలుగు కార్యక్రమమున, మఱల 2023లో, లక్షలమందికి ఉచితముగ కండ్లద్దములు లభించినవి. ఆనాడు తెచ్చుకొన్న అద్దములనే నేటికిని పెట్టుకొను పెద్దలు కలరు. చూపు మాఱుచుండును గావున ఏడాదికొకమారు పరీక్ష చేయింపవలెను. శుక్లములు ముదిరినచో తీయింపవలెను. క్రిందిభాగమున చదువుటకు వేఱుగ అమర్చిన అద్దములతో మెట్లు దిగునపుడు మెట్టు మసకగ కనబడును. అట్టివారు తలవంచి అద్దపు పైభాగమునుండి చూడవలెను.

ఇప్పుడు సోదరి యడిగిన ముఖ్య విషయమునకు వత్తుము. పడినవారికి భయము పుట్టును. భయమువలన నడక తగ్గును. నడక తగ్గిన తొడల బలము సన్నగిల్లును. బలము సన్నగిల్లిన మఱల పడుదురు. మంచముకడకే అన్నము అందించు ఇంటివారు తెలియకయే ఈ చక్రమును త్రిప్పుచున్నారు. న్యూజీలండు దేశమున డునెడిన్ నగరమందు 80 ఏండ్లును అంతకు పైబడినవారునైన 233 మంది స్త్రీలను రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి ఇంటనే చేసికొను కాళ్ల వ్యాయామమును, నిలకడ వ్యాయామమును నేర్పిరి. ఏడాదిలో వ్యాయామము చేసినవారు 88 మారులు పడగా, చేయనివారు 152 మారులు పడిరి. ఈ ఫలితము 1997లో ప్రకటింపబడెను. ఎనుబది దాటిన అవ్వలకే కాళ్లు బలపడగా, డెబ్బదిలోని అత్తగారికి బలపడవా?

ఆ వ్యాయామములు కష్టమైనవి కావు. గోడ కానించిన కుర్చీలో కూర్చుండి చేతులూనక లేచి మఱల కూర్చుండుట. మొదట ఐదుమారులు, క్రమముగ పదిమారులు. ద్వారబంధము పట్టుకొని మునివేళ్లపై లేచి దిగుట. గోడప్రక్కన ఒక పాదము ముందు మఱియొక పాదముంచి గీతపై నడచినట్లు నడచుట. ఒక చేయి గోడకానించి ఒంటికాలిపై పది అంకెలు లెక్కించువరకు నిలుచుట. వారమునకు మూడు దినములు చేసిన చాలును. మొదట కొన్ని దినములు ఇంటివారొకరు దగ్గఱ నిలువవలెను. తఱచు పడువారును, గుండెజబ్బు గలవారును వైద్యుని యడిగి మొదలిడుట మంచిది. దీనికి తోడు కూరలు తఱుగుట, పప్పు చెఱుగుట, మనుమల వెంట బడిదాక పోవుట వంటి పనులు వారి చేతిలోనే యుంచుడు. పని తీసివేయుట మర్యాద కాదు, బలమును తీసివేయుట.

కఱ్ఱ పట్టుటకు కొందరు నామోషి పడుదురు. నిటారుగ నిలిచి చేయి వ్రేలాడదీసినపుడు మణికట్టు ఎంత ఎత్తున నుండునో కఱ్ఱ పిడి అంత ఎత్తున నుండవలెను. బలహీనమైన కాలికి ఎదుటి చేతిలో దానిని పట్టవలెను. అడుగున రబ్బరు తొడుగు అరిగిన వెంటనే మార్పింపవలెను. భోజనమున జొన్నరొట్టెకు తోడుగ పప్పు, పెరుగు, నువ్వులు, తినువారికి గ్రుడ్డు ఉండవలెను. గంజితోను పచ్చడితోను కండ నిలువదు. ఉదయము కొంతసేపు ఎండపొడ తగులనిండు.

నారాయణఖేడు ప్రాంతమున మఱియొక కష్టము కలదు. దసరా దీపావళులు గడచిన పిమ్మట ఎన్నో తండాలనుండి కుటుంబములు చెఱకు నఱకు పనులకు దూరదేశములు పోవును. ఇంట పెద్దలును పసివారును మిగులుదురు. అట్టి యింట పడినవారు గంటల తరబడి నేలపైననే యుండిపోవుట పడుటకన్న ప్రమాదము. పోకమునుపే ప్రక్కయింటివారితో మాటాడి, ఉదయమొకమారు సాయంత్రమొకమారు పలుకరించు ఏర్పాటు చేసికొనుడు. సెల్‌ఫోను మెడలోని సంచిలో నుండవలెను. సలహా కావలసిన పెద్దలకొఱకు 14567 అను ఎల్డర్‌లైన్ కలదు. 2017లో హైదరాబాదులో మొదలైన ఆ సేవ 2021లో దేశమంతటికిని విస్తరించినది. పిలుపు ఉచితము.

ఇన్ని జాగ్రత్తలతోను ఎవరైన పడినచో కంగారుతో చేతులు పట్టి లేవదీయకుడు. మొదట మాటలాడించుడు. దెబ్బ లేదని తోచిన, ప్రక్కకు ఒరిగి, మోకాళ్లపైకి వచ్చి, కుర్చీ నూతగొని తామే లేచునట్లు సాయపడుడు. కాలు మోపలేకున్నను, ఒక కాలు పొట్టియై పాదము బయటికి తిరిగినట్లున్నను, తుంటియెముక విరిగినదని యనుమానింపవలెను. తలకు దెబ్బ తగిలినవారిని, ముఖ్యముగ రక్తము పలుచబడు మందులు వాడువారిని, బాగుగ కనబడినను ఆసుపత్రిలో చూపవలెను. 108కి ఫోను చేసి, కదలింపక, దుప్పటి కప్పియుంచుడు. నూనె మర్దనలు వలదు. పుత్తూరు కట్టు మన తెలుగునాట పేరుపడినదే గాని, విరిగిన తుంటికి కట్టు చాలదు. సాధారణముగ శస్త్రచికిత్సయే కావలెను, అదియు ఒకటి రెండు దినములలోపల. పైన చెప్పిన చంద్రశేఖరరావుగారికి మఱునాడే శస్త్రచికిత్స జరిగెను. దాని మఱునాడు వాకరు నూతగ నిచ్చి నడిపించిరి. నెలల తరబడి మంచమున పడవేసినచో ఊపిరితిత్తులకు చేటు, ఒంటికి పుండ్లు.

కల్హేరు సోదరికి మా కడపటి మాట. మీ అత్తగారు దాచినది పడిన సంగతి కాదు, స్వేచ్ఛ పోవునను భయము. ఆ భయము పోగొట్టిననే వారు ఇకమీదట నిజము చెప్పుదురు. కనుక నిందింపక, "ఎక్కడ కాలు జారింది అత్తమ్మా? చూపిస్తే అక్కడ బాగుచేద్దాం" అని యడుగుడు. గొట్టము బిగింపించి, దీపము పెట్టించి, చేయి పట్టుకొని వారిని మొదట ఆ గడపయే దాటింపుడు. మఱుసటి మాసము వారు తమంతట తామే దాటుదురు. దాటిననాడు మాకు తప్పక జాబు వ్రాయుడు.