అభిమాన సంఘాలు ఫోనులోకి వచ్చాయి – ఇంటి గుట్టు వీధిన పడుతున్నది

తెనాలి: సినిమా హీరోల అభిమాన సంఘాలు గుంటూరు జిల్లాకు కొత్త కావు. కొత్త చిత్రం విడుదలైన నాడు హాలు ముందు కటౌట్లు నిలబెట్టడం, దండలు వేయడం, కొబ్బరికాయలు కొట్టడం ఏళ్ల తరబడి సాగుతున్న వ్యవహారమే. అయితే ఆ సంఘంలో ఎవరెవరున్నదీ ఊరందరికీ తెలిసి వుండేది. ఇప్పుడు ఈ సంఘాలు చాలావరకు వాట్సప్, టెలిగ్రాం, ఇన్‌స్టాగ్రాంలలోకి మారిపోయాయి. అక్కడ సభ్యుల ముఖాలకు బదులు అందరికీ హీరో బొమ్మే వుంటుంది. ఆ బొమ్మ వెనుక వున్నది పొరుగూరి కుర్రవాడో, ఏ రాష్ట్రంలోనో కూర్చున్న మోసగాడో తెలుసుకొనే మార్గం లేదు. మనవాడే అన్న నమ్మకం మాత్రం పూర్వం వలెనే వున్నది. చిక్కంతా అక్కడే వస్తున్నది.

వాట్సప్ గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు. టెలిగ్రాం గ్రూపులో 2 లక్షల మంది దాకా చేరవచ్చు. వాట్సప్ గ్రూపులో చేరినవారి ఫోను నంబరు సాధారణంగా మిగిలిన సభ్యులందరికీ కనబడుతుంది. పూర్వం సినిమా పత్రికల్లో కలం స్నేహం శీర్షిక కింద చిరునామాలు అచ్చయినప్పుడు మహా అయితే నాలుగు కార్డు ముక్కలు వచ్చేవి. ఫోను నంబరు సంగతి అలా కాదు. పల్లెల్లో అనేక ఇళ్లలో ఫోను ఒకటే, వాడేవారు నలుగురు. కొడుకు హీరో గ్రూపులో చేరిన నంబరే తండ్రి బ్యాంకు ఖాతాకూ, ఆధార్‌కూ, రైతుల ఖాతాలో పడే ప్రభుత్వ సొమ్ముకూ ముడిపడి వుంటున్నది. కొడుకు సరదాకు తండ్రి పైరు మీది డబ్బు పూచీ పడుతున్నదన్న మాట.

మోసం తీరు దాదాపు ఒకే విధంగా వుంటున్నది. పెద్ద చిత్రం విడుదలకు ముందు మొదటి ఆట టిక్కెట్లు ఇప్పిస్తామని గ్రూపులో ఒక సందేశం వస్తుంది. డబ్బు పంపాక ఆ నంబరు పలకదు. ‘టిక్కెట్లు దొరకలేదు, డబ్బు వాపసు ఇస్తాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ను కొట్టండి’ అని మరికొందరు అడుగుతారు. డబ్బు పంపడానికే గాని పుచ్చుకోవడానికి పిన్ను అక్కరలేదన్న చిన్న విషయం తెలియక రెండోసారి కూడా పోగొట్టుకుంటున్నారు. ఇక ‘పొరపాటున నీ ఫోనుకు ఆరంకెల నంబరు వచ్చింది, చెప్పు తమ్ముడూ’ అని అడిగేవాడు కాజేసేది వాట్సప్ ఖాతానే. ఆ తరువాత ఆ కుర్రవాడి పేరుతోనే అతని బంధువులందరినీ అప్పు అడుగుతాడు. వాట్సప్ సెట్టింగులలో రెండంచెల పిన్ను పెట్టుకున్నవారి ఖాతా ఇంత తేలికగా పోదు.

ఆడపిల్లల విషయం మరింత తీవ్రమైనది. దీనికి సాక్ష్యం ఈ జిల్లాలోనే వున్నది. నటి రశ్మిక మందన్న ముఖాన్ని వేరొక యువతి దేహానికి అతికించిన నకిలీ వీడియో 2023 నవంబరులో దేశమంతటా దుమారం లేపింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరులో ఒక ఇంజనీరింగు పట్టభద్రుని అరెస్టు చేశారు. అతడు ఆమెకు శత్రువేమీ కాడు, ఆమె పేరిట అభిమానుల పేజీ నడుపుతున్నవాడే! పేజీకి అనుచరులు పెరగాలన్నదే అతని ఉద్దేశమని, రెండు వారాలలో వారి సంఖ్య 90 వేల నుంచి లక్షా 8 వేలకు పెరిగిందని పోలీసులు తెలిపారు. అందరూ నటి గురించి మాట్లాడారు గాని, ఆ వీడియోలోని దేహం ఎవరిదన్నది చాలామందికి పట్టలేదు. ఆమె తన వీడియోను తానే ఇన్‌స్టాగ్రాంలో పెట్టుకున్న వేరొక యువతి. నటికి పత్రికలు అండగా నిలిచాయి, కేంద్ర మంత్రులు సైతం స్పందించారు. హీరో పాటకు అభినయించి ఆ వీడియోను అభిమానుల పేజీకి పంపే పల్లె అమ్మాయికి అటువంటిది జరిగితే ఎవరు వస్తారన్నది ఆలోచించవలసిన విషయం.

అభిమానుల తగాదాలు కూడా ఫోను దాటి వస్తున్నాయి. కర్ణాటకలోని చిత్రదుర్గకు చెందిన ఒక యువకుడు 2024 జూన్‌లో బెంగుళూరులో హత్యకు గురయ్యాడు. ఒక నటికి అతడు అసభ్య సందేశాలు పంపాడని, వాటిపై ఆగ్రహించిన ఒక కన్నడ నటుడు, అతని అభిమానులు కలిసి ఈ పని చేశారని పోలీసుల అభియోగం. అతడు పంపిన సందేశాలను ఎవరూ సమర్థించరు. అయితే మారుపేరుతో రాసినంత మాత్రాన మనిషి దొరకడన్న ధీమా ఎంత ప్రమాదమో ఈ ఉదంతం చెబుతున్నది.

ఇక్కడ మరొక సంగతి వున్నది, దానిని పైకి ఎవరూ అనరు. మన ప్రాంతంలో హీరో పేరు చెబితే కులమూ, పార్టీ కూడా చెప్పినట్టే జనం లెక్క వేసుకుంటారు. ఇంటిపేరు, ఊరు, ఫోను నంబరు రాసి ఇచ్చిన సభ్యుల పట్టిక ఎన్నికల నాడు ఏ ప్రచారకుని చేతిలో పడినా ఆశ్చర్యం లేదు. సభ్యత్వ కార్డుకు ఆధార్ నకలు అడిగే సంఘాలకు అసలు దానితో పనేమిటో తెలియదు. తప్పనిసరి అయితే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే ఆధార్‌ను ఉడాయ్ వెబ్‌సైటు నుంచి తీసుకోవచ్చు. రక్తదానానికి పేర్లు ఇవ్వడం మంచిపనే. ఆ పట్టికను గ్రూపులో పెట్టకుండా బాధ్యుడొకరి వద్ద వుంచితే సరిపోతుంది.

హీరో కబుర్లు తెలుసుకోవడమే కావాలంటే గ్రూపులో చేరనవసరమే లేదు. 2023లో వాట్సప్‌లో వచ్చిన ఛానెల్ పద్ధతిలో, అనుసరించేవారి నంబరు ఇతర అనుచరులకు కనబడదు. తెలియనివారు ఎవరూ తమను గ్రూపులో చేర్చకుండా సెట్టింగు మార్చుకొనే వీలు 2019 నుంచీ వున్నది. టెలిగ్రాంలోనూ నంబరును దాచుకోవచ్చు. ఫోను బాగుచేయించినంత ఖర్చు కూడా లేదు, అయిదు నిమిషాల పని.

డబ్బు పోయినవారు 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోను చేస్తే ఆ సొమ్మును బ్యాంకులో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. ఫొటోలు, వీడియోల విషయంలో కేంద్ర హోంశాఖ సైబర్ క్రైం పోర్టల్‌లో గాని, ఏ పోలీసు స్టేషనులోనైనా గాని ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జూలై నుంచి అమలులో వున్న కొత్త చట్టం ప్రకారం మా పరిధి కాదని స్టేషనువారు తిప్పి పంపరాదు. అయితే పరువు పోతుందన్న భయంతో అమ్మాయిలు ముందు చేసే పని ఆ సందేశాలను చెరిపివేయడం. దానితో సాక్ష్యం పోతున్నది. చెరిపే ముందు ఆ తెరను ఫొటో తీసి, లింకు, తేదీ రాసి వుంచుకోవాలి. గుంటూరు కేసులో నిందితుడు కూడా గొడవ పెద్దదయ్యాక పోస్టులు తొలగించి పేజీ పేరు మార్చాడు. పోలీసులు 500కు పైగా ఖాతాలను గాలించి అతని వద్దకు చేరుకున్నారు.