నార్నౌల్ దాకా ఎందుకు? నాదర్‌గుల్‌లోనే నేర్పండి!

2024 ఫిబ్రవరిలో కుల్లూ లోయలోని డోభీ దగ్గర ఇరవై ఆరేళ్ల తెలంగాణ యువతి పారాగ్లైడర్ మీంచి జారిపడి చనిపోయింది. బెల్టు సరిగా బిగించలేదని అధికారులు తేల్చారు. పైలట్‌ను అరెస్టు చేశారు. రెండు రోజులు టీవీల్లో నడిచింది. అశోక్‌నగర్ హాస్టళ్ల గోడల మీద మాత్రం గ్రూప్స్ కోచింగ్ పోస్టర్ల పక్కన మళ్లీ మనాలీ టూర్ల పోస్టర్లే.

ఆ బెల్టు బిగిసిందో లేదో తానే చూసుకోగల పిల్లలు చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఎందరున్నారు? వైఎంసీఏలో బాస్కెట్‌బాల్ నేర్చుకోవచ్చు. ఇందిరా పార్కులో పరుగెత్తొచ్చు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో చీకటిపడేదాకా చదువుకోవచ్చు. గాలిలోకి లేవాలంటే మాత్రం రైలెక్కి ఉత్తరాదికి పోవాలి, ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో ప్రాణం పెట్టాలి.

చట్టం అడ్డొస్తోందా అంటే, అదీ కాదు. 2022 జూన్ 7న కేంద్ర పౌర విమానయాన శాఖ జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానాన్ని ప్రకటించింది. అందులో పదకొండు క్రీడలున్నాయి. పారాచూటింగ్ కింద స్కైడైవింగ్‌తో పాటు బేస్ జంపింగ్‌ పేరు కూడా ఉంది. అంటే భవనం, టవర్, వంతెన, కొండ, ఈ నాలుగింటి మీంచి పారాచూట్‌తో దూకడం. ఇంగ్లిషులో వాటి మొదటి అక్షరాలు కలిపి అమెరికాలో కార్ల్ బీనిష్, అతని మిత్రులు ఈ పేరు పెట్టారు. 1981 నుంచి నాలుగూ పూర్తిచేసినవారికి వరుస నంబర్లు ఇస్తున్నారు. 2030 నాటికి గాలి క్రీడల్లో దేశం ముందువరసలో ఉండాలని మన విధానం రాసుకుంది. ఆ కాగితం హైదరాబాద్ దాకా రాలేదు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా పోయే స్టీల్ బ్రిడ్జి మీంచి ఎవరినీ దూకమని ఈ కరపత్రం చెప్పడం లేదు. అంత తక్కువ ఎత్తులో గుడ్డ విచ్చుకునేలోపే నేల తగులుతుంది. విమానం నుంచి దూకేవాడి వీపున రెండో పారాచూట్ ఉంటుంది, అది తెరుచుకునే వ్యవధీ ఉంటుంది. వంతెన మీంచి దూకేవాడికి ఉన్నది ఒక్కటే పారాచూట్, కొన్ని సెకన్లు. అందుకే ముందు రెండు వందల దాకా స్కైడైవ్‌లు చేసి రమ్మంటారు శిక్షకులు. ఆ రెండు వందల్లో మొదటిది చెయ్యాలంటే మన పిల్లలు హర్యానాలోని నార్నౌల్ దాకా పోవాలి. పెళ్లయ్యాక విశాఖలో ఒక సుదీర్ఘ నడకతో సాహసాలు మొదలుపెట్టిన అర్చనా సర్దానా దేశంలో తొలి మహిళా బేస్ జంపర్ అయ్యారు. ఆమెకైనా అందుకు అమెరికాలోని యూటా దిక్కయింది.

ఇక నిషేధాల మాట. తలుపులు మూసేస్తే ప్రాణాలు దక్కుతాయని నమ్మే అధికారులు అమెరికాలోని యోసెమిటీ జాతీయ పార్కు కథ వినాలి. అక్కడి ఎల్ కాపిటన్ కొండ మీంచి దూకడానికి 1980లో కొన్ని వారాలు అనుమతులిచ్చి ఆపేశారు. దూకడం ఆగలేదు, చాటుకు పోయింది. 1999 జూన్‌లో ఫ్రాంక్ గాంబలీ అనే యువకుడు అదే కొండ మీంచి దూకి క్షేమంగా దిగాడు. రేంజర్లు వెంటపడితే మెర్సెడ్ నదిలోకి దిగి మునిగిపోయాడు. కొండ అతన్ని చంపలేదు, పారాచూట్ చంపలేదు. ఆ అక్టోబర్‌లో నిషేధానికి నిరసనగా జాన్ డేవిస్ అనే మహిళ దూకింది. దొరికితే సొంత పారాచూట్ జప్తు చేస్తారని అరువు తెచ్చుకున్నదాన్ని తగిలించుకుంది. అది తెరుచుకోలేదు. అలవాటైన పారాచూట్‌తో దూకనిచ్చి ఉంటే ఆ తల్లి బతికేది.

అదే దేశంలో ఐడహోలోని ట్విన్ ఫాల్స్ పట్టణం 486 అడుగుల పెరీన్ వంతెనను ఏడాది పొడవునా తెరిచి ఉంచింది, అనుమతి పత్రం కూడా అడగదు. వెస్ట్ వర్జీనియాలో 876 అడుగుల న్యూ రివర్ గార్జ్ వంతెన మీద అక్టోబర్‌లో మూడో శనివారం రాకపోకలు ఆపి, కింద పడవలు సిద్ధంగా పెట్టి దూకనిస్తారు. కౌలాలంపూర్ అయితే తన టవర్ మీంచి దూకడానికి దేశదేశాలవాళ్లను పిలుచుకుంటుంది.

మనకెందుకీ షోకులు అనేవాళ్లకు భువనగిరి బండ చాలు. ఆ బండ మీద తాళ్లు పట్టుకోవడం నేర్చుకున్న సాంఘిక సంక్షేమ గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ, 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. బండ వేల ఏళ్లుగా అక్కడే ఉంది. శేఖర్‌బాబు లాంటి గురువు దొరికాకే అది బడి అయింది. గగనతలం ఖాళీ లేదంటారా, విద్యార్థి పైలట్లు తిరిగే నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్ పక్కనే ఉంది. వేళలు పంచుకుంటే సరిపోతుంది.

రాష్ట్ర క్రీడా శాఖ ఈ ఏడాదే జాతీయ విధానం కింద పారాచూట్ క్లబ్బును నాదర్‌గుల్‌లో పెట్టాలి. గురుకులాల పిల్లలకూ, అశోక్‌నగర్ గదుల్లో ఉండి చదువుకునేవాళ్లకూ ఫీజు సర్కారే కట్టాలి. ఆగ్రా పారాట్రూపర్ల శిక్షణ స్కూల్లో పనిచేసి రిటైరైన సైనికులను గురువులుగా పిలవాలి. గాలిలోకి తీసుకెళతామని టూర్లు అమ్మే ప్రతి ఏజెంటూ ప్రయాణికులకు ఇక్కడే, రైలెక్కే ముందే, బెల్టు వేసుకోవడం, విప్పడం చేయించి చూపాలి. ఈ నాలుగు కోర్కెల కింద సంతకాలు తీసుకునే కాగితం చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర ఉంది.