సాక్షి నోరు విప్పాలంటే

డిటెక్టివ్ గే అయితే ఏమిటి, కాకపోతే ఏమిటి, హంతకుణ్ణి పట్టుకున్నాడా లేదా అన్నదే కదా కావలసింది! గే పరిశోధకుడు కథానాయకుడిగా ఉన్న మిస్టరీ నవల గురించి పాఠకులు తరచుగా అనే మాట ఇది. ద్వేషంతో అనేవాళ్లూ ఉన్నారు గానీ, చాలామంది మంచిమనసుతోనే అంటారు. అతని వ్యక్తిగత జీవితంతో మాకు పేచీ లేదు, కథకు అక్కర్లేని సంగతిని రచయిత పదేపదే ఎందుకు ఎత్తుతున్నాడన్నది వాళ్ల ప్రశ్న. దీన్ని తేలిగ్గా తోసిపారేయకూడదు. అపరాధ పరిశోధన నవలలో ఊరికే పెట్టిన వివరం కనిపిస్తే రచయితను నిలదీసే హక్కు పాఠకుడికి ఉంది. కాబట్టి ఈ తగువును ఆ ప్రక్రియ నియమాల ప్రకారమే తేల్చుకుందాం. డిటెక్టివ్ గే కాకపోయినా ఆ కేసు తేలేదా? ఈ కోవలోని మంచి నవలల్లో తేలదనే నా వాదన.

జోసెఫ్ హాన్సెన్ రాసిన ‘ఫేడౌట్’ 1970లో అమెరికాలో వచ్చింది. అందులో డేవ్ బ్రాండ్‌స్టెటర్ పోలీసు కాదు, కాలిఫోర్నియాలో ఒక జీవిత బీమా కంపెనీ తరఫున డెత్ క్లెయిములు విచారించే మనిషి. రేడియోలో పేరు తెచ్చుకున్న ఫాక్స్ ఓల్సన్ కారు తుపాను రాత్రి వంతెన మీద నుంచి వాగులో పడింది. కారు దొరికింది, శవం దొరకలేదు. శవం లేనిదే క్లెయిము చెల్లించడం కుదరదని కంపెనీ పట్టు. ఊరు ఊరంతా ఓల్సన్‌ను మెచ్చుకుంటుంది. డేవ్ మాత్రం, ఓల్సన్ యవ్వనంలో దూరమైన ఒక స్నేహితుడి ఆనవాళ్ల దగ్గర ఆగిపోతాడు. మిగతావాళ్లకు అవి పాత జ్ఞాపకాలు. తన ప్రేమను లోకం కంటపడకుండా కాపాడుకున్న మనిషి కనుక ఇతనికి అవి ఆధారాలు. ఇరవై ఏళ్లకు పైగా కలిసి బతికిన రాడ్ క్యాన్సర్‌తో చనిపోయి ఎంతో కాలం కాలేదు. ఆ దుఃఖంలోనే డేవ్ ఉద్యోగానికి వచ్చాడు. భర్త పోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలడగడం అతని వృత్తి. తనకు జరిగిన నష్టం మాత్రం ఏ ఫారంలోనూ, ఏ గడిలోనూ పట్టదు. హాన్సెన్ ఈ బాధను ఉపన్యాసంగా చెప్పలేదు. డేవ్ ఏం చూస్తాడు, ఎవరి మాట నమ్ముతాడు అన్న వాటిలో కలిపేశాడు. ఆ నవల వచ్చేనాటికి కాలిఫోర్నియా చట్టం దృష్టిలో డేవ్ నేరస్థుడు. ఆ చట్టం 1976లో గానీ పోలేదు. అమెరికా మనోవైద్యుల సంఘం 1973 చివరిదాకా స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోనే ఉంచింది. అలాంటి రోజుల్లో పని తెలిసిన, మాట తూలని, నిబ్బరమైన గే పరిశోధకుణ్ణి పన్నెండు నవలల పాటు, 1991 దాకా, హాన్సెన్ నడిపించాడు.

ఒక మనిషిని ప్రేమించడమే నేరమైన చోట, హత్య జరిగిన రాత్రి నేను ఫలానావాడితో ఉన్నానని చెప్పడం సాక్ష్యం కాదు, నేరాంగీకారం. పోలీసు ముందు ఆ సాక్షి నోరు విప్పడు. నోరు విప్పడని తెలిసినవాడే బ్లాక్‌మెయిల్‌కు దిగుతాడు. 1961 నాటి బ్రిటిష్ సినిమా ‘విక్టిమ్’ కథంతా దీని మీదే నడుస్తుంది. డర్క్ బొగార్డ్ వేసిన పాత్ర పెద్ద పేరున్న బారిస్టరు, పెళ్లయినవాడు. ఆ బారిస్టరు పేరు బయటపడకూడదని ఒక కుర్రాడు పోలీసు కస్టడీలో ఉరేసుకుంటే, బ్లాక్‌మెయిల్ చేసేవాళ్లను పట్టుకోవడానికి అతను తానే బయల్దేరతాడు. డబ్బు కట్టుకుంటూ వస్తున్న బాధితులే అతన్ని వద్దని వేడుకుంటారు. ఇంగ్లండ్‌లో ఆ చట్టం మారడానికి ఇంకా ఆరేళ్లుంది. నాథన్ ఆల్డైన్ పేరుతో ఇద్దరు రచయితలు కలిసి రాసిన ‘వెర్మిలియన్’ 1980లో వచ్చింది. ఒళ్లమ్ముకుని బతికే ఒక యువకుడి శవం రాజకీయ నాయకుడి ఇంటి ముందు దొరికితే, బోస్టన్ పోలీసులు గే బార్ల మీద పడతారు. కేసును ఛేదించేది బార్లో గ్లాసులు అందించే డానియెల్ వాలెంటైన్, అతని స్నేహితురాలు క్లారిస్. కౌంటరుకు అటు నిలబడ్డ వాలెంటైన్‌కు ఎవరు ఎవరితో వచ్చారో, ఏ రోజు ఎవరు రాలేదో తెలుసు. అతనితో మాట్లాడినవాడు జైలుకు పోడు. పోలీసులకు చేతకాని పనిని మామూలు మనిషి ఎలా చేయగలిగాడన్న ప్రశ్న ఔత్సాహిక డిటెక్టివ్ కథలన్నిటినీ ఇబ్బంది పెడుతుంది. చాలా కథల్లో రచయితలు ఏదో సాకు వెతుక్కుంటారు. ఇక్కడ ఆ అవసరమే లేదు.

హోమ్స్ ఎవరిని ప్రేమించాడో తెలియకుండానే ఆ కథలన్నీ చదివాం కదా, గే డిటెక్టివ్ విషయంలో మాత్రం ఎందుకు చెప్పాలి అని మరో అభ్యంతరం. డొరొతీ సేయర్స్ సృష్టించిన లార్డ్ పీటర్ విమ్సీ హత్యానేరం మోపిన హారియట్ వేన్‌ను కోర్టులో చూసి ప్రేమలో పడ్డాడు. 1930 నుంచి 1937 దాకా కొన్ని నవలల మీదుగా ఆ ప్రేమ సాగి పెళ్లిదాకా వచ్చింది. కథకు అక్కర్లేదని దాన్నెవరూ తీసిపారేయలేదు, అదే ఆ నవలలకు ఆకర్షణ అయింది. అసలు మిస్టరీ సాహిత్యం స్వలింగ ప్రేమ గురించి ఎన్నడూ మౌనంగా లేదు. హామెట్ ‘మాల్టీస్ ఫాల్కన్’లో జోయెల్ కెయిరోను అత్తరు వాసనతో ప్రవేశపెట్టాడు, పాఠకుడికి ఏవగింపు కలగాలనే. చాండ్లర్ ‘బిగ్ స్లీప్’లో గైగర్‌నూ అతనితో ఉండే కుర్రాణ్ణీ డిటెక్టివ్ మార్లో ఎంత చులకనగా చూస్తాడో చదివినవాళ్లకు తెలుసు. విలన్ దగ్గర ఉన్నన్నాళ్లూ అందరికీ అవసరంగా తోచిన వివరం, డిటెక్టివ్ దగ్గరికి వచ్చేసరికి అనవసరం ఎలా అవుతుంది?

ఇక మెచ్చుకునే పాఠకులతోనూ నాకో పేచీ ఉంది. కథానాయకుడు గే అన్న సంతోషంలో సడలిన కథనాన్నీ, చివరి అధ్యాయంలో హఠాత్తుగా ఊడిపడే హంతకుణ్ణీ క్షమించేస్తారు కొందరు. ఆ జాలి పుస్తకానికి మేలు చేయదు. హాన్సెన్‌ను నిలబెట్టింది అతని పనితనం. చట్టాలు మారాయి కదా, ఈ కథలకు కాలం చెల్లిందనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలు పీకింది. అయినా డేటింగ్ యాప్‌లో పరిచయం చేసుకుని, రమ్మని పిలిచి, వీడియో తీసి, ఇంట్లో చెబుతామని బెదిరించి డబ్బు గుంజే ముఠాల వార్తలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. జైలు భయం పోయింది, ఇంటి భయం పోలేదు. జెర్రీ పింటో ‘మర్డర్ ఇన్ మాహిమ్’ 2017లో వచ్చింది, అంటే 377 ఇంకా నడుస్తున్న రోజుల్లో. మాటుంగా రోడ్ స్టేషన్ మరుగుదొడ్డిలో జరిగిన హత్య వెంట వెళ్లే పీటర్ రిటైరైన జర్నలిస్టు, గే కాదు. తన కొడుకు గే ఏమోనన్న అనుమానం తొలుస్తుండగా ఆ లోకంలోకి అడుగుపెడతాడు. బయటివాడు కాబట్టి ప్రతి తలుపు దగ్గరా ఆగి, అడిగి, తప్పు అర్థం చేసుకుని, దిద్దుకుని ముందుకు వెళ్లాలి. ఆ నేర్చుకోవడమే అక్కడ కథ. పీటర్‌నూ వాలెంటైన్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే డిటెక్టివ్ ఎవరన్నది కథను ఎంత మారుస్తుందో తెలుస్తుంది.

కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నూ మధుబాబు షాడోనూ అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివేసిన పాఠకులున్న భాష మనది. మన ఊళ్లలో, ఉమ్మడి కుటుంబాల్లో, హాస్టళ్లలో నోరు విప్పలేని సాక్షులకు కొదవ లేదు. అనువాదకులు ‘ఫేడౌట్’నూ ‘మర్డర్ ఇన్ మాహిమ్’నూ చేతిలోకి తీసుకోవాలి. క్రైమ్ రాసే మన రచయితలు అలాంటి సాక్షి నమ్మి మాట్లాడగల డిటెక్టివ్‌ను విజయవాడలోనో వరంగల్‌లోనో పుట్టించాలి. ఆ నవల వస్తే, పాఠకులారా, ఆధారాలు సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం గట్టిగా నిలదీయండి.