"పెద్దాపరేషన్" అంటే ఏ ఆపరేషన్?

అమెరికాలో ఉన్న కూతురికి పురుడు పొయ్యడానికి వెళ్ళిన తల్లికి అక్కడ ఉన్నట్టుండి జబ్బు చేసిందనుకోండి. ఆస్పత్రిలో ఎవరు మాట్లాడతారు? కూతురే మాట్లాడుతుంది, ఇందులో చర్చేముంది అంటాం. ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన పిల్ల, పైగా సొంత కూతురు, ఇంతకంటే ఏం కావాలి?

"ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా?" అని డాక్టరు అడుగుతుంది. "పెద్దాపరేషన్ అయింది" అంటుంది తల్లి. మన ఇళ్లల్లో ఈ మాటకి ఎన్ని అర్థాలో! ఒకచోట కాన్పుకి పొట్ట కోస్తే పెద్దాపరేషన్, ఇంకోచోట గర్భసంచి తీసేస్తే పెద్దాపరేషన్. ఇద్దరు పిల్లల తల్లి ఉత్త "ఆపరేషన్" అందంటే అది కుటుంబ నియంత్రణదే. వీటన్నిటినీ కలిపి "సర్జరీ అయింది" అని చెప్పేస్తే డాక్టరుకి తెలిసేది సున్నా. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కనుక ఇది ఎవరో ఒకరిద్దరి గొడవ కాదు. సంచితో పాటు అండాశయాలు కూడా తీశారా? చిన్న వయసులోనే తీసేస్తే ఎముకలు గుల్లబారే ప్రమాదం పెరుగుతుంది. గర్భాశయ ముఖద్వారం ఉంచారా, తీశారా? క్యాన్సర్ పరీక్ష చెయ్యాలో అక్కర్లేదో దాన్నిబట్టే తేలుతుంది. ఇవి మూడూ వేరువేరు భాగాలని తెలియని వాళ్ళు ఆ ప్రశ్నని తల్లికి సరిగ్గా చేరవెయ్యలేరు, ఎంత ఇంగ్లీషు వచ్చినా సరే. ఇక కూతురు బదులు కొడుకో అల్లుడో పక్కన ఉంటే! తెల్లబట్ట సంగతి అల్లుడి చేత చెప్పించుకునే అత్తగారు ఉంటుందా?

ఒక మాట తప్పుగా అర్థమైతే ఏమవుతుందో తెలియాలంటే 1980లో ఫ్లోరిడాలో జరిగింది చూడాలి. పద్ధెనిమిదేళ్ల క్యూబన్ కుటుంబపు కుర్రాణ్ణి స్పృహ లేకుండా ఆస్పత్రికి తెచ్చారు. తిన్నదేదో పడలేదన్న అర్థంలో ఇంట్లోవాళ్ళు "ఇంటాక్సికాడో" అన్నారు. డాక్టర్లు దాన్ని మత్తుపదార్థాల సంగతి అనుకుని ఆ వైద్యం చేశారు. నిజానికి ఆ అబ్బాయికి మెదడులో రక్తస్రావం అవుతోంది. కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. తర్వాత పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లన్నారు. విశేషమేమిటంటే, ఆ గదిలో ఇరుపక్షాలూ ఒకరి మాట ఒకరికి అర్థమైందనే అనుకున్నాయి. అందుకే దుబాసీని పిలవలేదు.

అక్కడ ఇప్పుడు చట్టముంది. ప్రభుత్వ నిధులు అందుకునే ఆస్పత్రులు భాష రాని రోగికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలని 2010 నాటి ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ చెబుతోంది. అత్యవసరమైతే తప్ప పిల్లల చేత చెప్పించకూడదని దాని నిబంధనలు. అమ్మానాన్నల్ని అక్కడికి పంపే వాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుని, "తెలుగు దుబాసీ కావాలి" అని నోరు తెరిచి అడగాలి. ఈ వృత్తిలోకి వెళ్ళాలంటే కనీసం 40 గంటల శిక్షణ ఉండాలని ధ్రువీకరణ సంస్థలు అడుగుతాయి. తెలుగు చక్కగా వచ్చి, ఇంటిపట్టున ఉండిపోయిన మన ఆడపిల్లలు ఎందుకు ఆలోచించరో!

నేర్చుకోవలసిందేమిటి? మొదట శరీరం. మన తెలుగులో "కడుపు" అంటే జీర్ణాశయం, పేగులు, పొట్ట, చివరికి గర్భం కూడా. డాక్టర్లు అదే పొట్టని నాలుగు భాగాలు చేసి చూస్తారు. కుడి పైభాగంలో కాలేయం, పిత్తాశయం, కుడి కిందిభాగంలో అపెండిక్స్. "ఎక్కడో వేలు పెట్టి చూపించండి" అన్న ఒక్క మాట ఎంతో పని చేస్తుంది. "నరానికి సూది" అంటే రక్తనాళం, "నరాల బలహీనత" అంటే అసలు నరం, "నరం పట్టేసింది" అంటే చాలాసార్లు కండరం. "వేడి చేసింది" అంటే జ్వరం కాదు. "గుండెల్లో మంట" అన్నప్పుడు మంట అనే చెప్పాలి గానీ, "గ్యాసేలెండి" అని తేల్చెయ్యకూడదు. ఈ తేల్చెయ్యడం మన ఇంటింటి జబ్బు! అది గ్యాసో గుండెపోటో చెప్పవలసింది డాక్టరు. మాటకి రెండర్థాలుంటే దుబాసీ ఆ సంగతి డాక్టరుకి చెప్పి, రోగిని మళ్ళీ అడగాలి. ఊహించి చెప్పకూడదు.

పదో తరగతి వరకు ఉన్న జీవశాస్త్రం పుస్తకాలు, గోడకి ఒక శరీరపటం, మొదలు పెట్టడానికి ఇవి చాలు. ఇంగ్లీషు పేర్లు చూసి బెదరక్కర్లేదు, అవన్నీ అతుకుల బొంతలు. చివర "ఐటిస్" ఉంటే వాపు, "ఎక్టమీ" ఉంటే తీసివేత, "స్కోపీ" ఉంటే లోపలికి చూడడం. "హెపటో" కాలేయం, "నెఫ్రో" మూత్రపిండం, "హిస్టెరో" గర్భసంచి. ఇక హిస్టెరెక్టమీ అంటే ఏమిటో మీరే చెప్పగలరు.

రెండోది జ్ఞాపకం. ఇందులో మనకి ఒక పెద్ద సంప్రదాయమే ఉంది. అష్టావధానంలో ఒకరు అప్రస్తుత ప్రసంగం చేస్తుంటే, ఇంకొకరు గంట కొడుతుంటే, అవధాని పద్యాలు ధారణలో పెట్టుకుంటాడు. ఆస్పత్రి వార్డూ దాదాపు అంతే. అయితే ధారణ అంటే అక్షరం అక్షరం మోయడం కాదు. మనసు ఒక్కసారిగా నిలుపుకోగలిగేది ఏడు విషయాలు, అటూ ఇటూగా రెండు అని 1956లో జార్జ్ మిల్లర్ రాశాడు; తర్వాతివాళ్ళు నాలుగే అన్నారు. అందుకని విషయాలని ముడి వేసుకోవాలి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎలాంటి నొప్పి, దేనితో తగ్గుతుంది అన్న వరసలో వింటే ఎంత పొడుగు మాటైనా నిలుస్తుంది. అదే 1956లో రోజాన్ అనే ఆయన దుబాసీల కోసం రాసిన పుస్తకంలో, మాట కాదు భావం రాసుకోమన్నాడు, పొడి గుర్తులతో. మందుల మోతాదులు, తేదీలు మాత్రం తప్పకుండా కాగితం మీద పడాలి. పని అయ్యాక ఆ కాగితం చించెయ్యాలి.

సాధనకి టీవీలో డాక్టరు కార్యక్రమం పెట్టుకోండి. ఇరవై సెకన్లు విని, ఆపి, తిరిగి చెప్పండి. అంకెలూ, "లేదు", "వద్దు" అన్నవీ జారిపోయాయేమో చూసుకోండి. ఎక్కువగా జారేవి అవే. ఇంకో తెలుగు అలవాటు "ట". "కడుపు నొప్పిగా ఉందట" అనకూడదు. రోగి "నాకు నొప్పిగా ఉంది" అంటే దుబాసీ కూడా "నాకు నొప్పిగా ఉంది" అనే అనాలి. మొదట నవ్వొస్తుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఇదంతా అమెరికా ముచ్చటేనా? ఆదిలాబాద్ గూడెం నుంచి గోండీ తప్ప రాని గర్భిణి ప్రభుత్వాసుపత్రికి వస్తే, సీతంపేట కొండల నుంచి సవర స్త్రీ వస్తే, నడుమ నిలబడేది వెంట వచ్చిన ఆశా కార్యకర్తో, పక్కమంచం మనిషో. వాళ్ళకి శరీరపటం చూపించి పది రోజులు ఈ విద్య నేర్పడానికి ఖర్చెంత? నేర్పి, ఆ పనికి విడిగా డబ్బివ్వాలి. కేసుషీటు మీద డాక్టరు పేరు పక్కన, రోగి మాటని డాక్టరుకి చెప్పిన మనిషి పేరు కూడా రాయాలి.