కోడిపిల్లల క్రింద పఱచునది

కోడిపిల్లలను తెప్పించునపుడు మన రైతులు జాతిని గుఱించి విచారింతురు. ధరను గుఱించి బేరమాడుదురు. దాణాను గుఱించి పదిమంది నడుగుదురు. పిల్లలను దింపు నేలపై నేమి పఱవవలెనను ప్రశ్న మాత్రము పిల్లల పెట్టె యిల్లు చేరినపిదప గాని తోచదు. అప్పుడు చేతికందిన దెల్లయు పఱుపగును. ఈ యలవాటు మనకు మిక్కిలి నష్టము తెచ్చుచున్నదని నా యభిప్రాయము.

ఇతరుల తప్పు నెన్నుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట శ్రావణమాసమున నొక గ్రామములో నొక పేద వితంతువు అప్పు తీసికొని 50 వనరాజా పిల్లలను తెప్పించెను. ఏమి పఱవవలెనని యామె నన్నడుగగా, పెరటిలో కుప్పగా నున్న వేరుసెనగ తొక్కలను చూపి, అవి చాలునంటిని. కుప్ప పైపొర యెండియే యుండెను. లోపల చేయి పెట్టి చూచితిని కాను. ముసురునకు తడిసి లోపలి తొక్కలు బూజు పట్టియుండెను. నాలుగైదు దినములకే పిల్లలు మెడ చాచి, నోరు తెఱచి, ఊపిరికై శ్రమపడసాగినవి. పశువైద్యుడు చచ్చిన పిల్లను కోసి, ఊపిరితిత్తులలో నావగింజలవంటి పచ్చని బొడిపెలను నాకు చూపెను. ఆస్పర్జిల్లస్ అను బూజువలన గలుగు నీ వ్యాధికి బ్రూడరు న్యుమోనియా యని పేరు. పట్టినపిదప దీనిని కుదుర్చు మందు లేదు. సగమునకు మించిన పిల్లలు పోయినవి. ఆమె నన్ను నిందింపలేదు. “అయ్యగారూ, మీరు చెప్పినట్లే చేసితిని గదా” యని మాత్రమనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

“మా యవ్వలు గంప క్రింద పిల్లలను పెంచలేదా? వారికి పఱుపెక్కడిది?” అని కొంద రందురు. మంచి ప్రశ్నయే. తల్లికోడి పిల్లలను తన ఱెక్కల క్రింద కాచును. తెల్లవాఱగానే వేఱొకచోటికి నడిపించుకొని పోవును. ఆ పది పిల్లల రెట్ట ఊరంతయు చెదరిపోవును. బ్రూడరులోని 50 పిల్లలో, రాత్రింబవళ్లు ఒకే చోట తిని, త్రాగి, విసర్జించి, అచ్చటనే పండుకొనును. తల్లి చేయు పనిలో వేడిమిని దీపము చేయును; తక్కిన పని లిట్టరు చేయవలెను. అది తడిని పీల్చవలెను. నేల చల్లదనము పిల్లల కడుపునకు తగులనీయరాదు. కాలికి పట్టు నీయవలెను. మొదటి వారమున బ్రూడరు క్రింద 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి యుండవలెను గాన, నేల చలువ యైనచో పైవేడిమి యెంతయున్నను పిల్లలు గుంపుగూడి నలిగి చచ్చును.

ఇక వస్తువులు. మన ప్రాంతమున వరి ఊకను మించినది లేదని నా నమ్మకము. అది సుకరముగా దొరకును, తేలికగా నుండును, కలియబెట్టినచో త్వరగా నాఱును. అయితే పాత హల్లరు మిల్లులో ఊకయు తవుడును కలిసి వచ్చును. తవుడు మిగిలిన ఊకను పిల్లలు పొడిచి తినును. అది త్వరగా బూజు పట్టును, పురుగు పట్టును. కావున చేటతో చెఱిగియో, జల్లెడ పట్టియో వాడవలెను. వడ్రంగి చిత్రిక పొట్టు కూడ మంచిదే. మందు పూసిన కఱ్ఱది కారాదు. సన్నని రంపపు పొట్టును తిన్న పిల్లలకు తిత్తి నిండి దాణా దిగదు. వేరుసెనగ తొక్కలు వేసవిలో నిర్భయముగా వాడవచ్చును, వానకాలమున వలదు. ఇసుక చలువ చేయును గాన చలికాలమున తగదు. బూడిద దుమ్ము రేపును. తడిసినచో క్షారమై పాదములను బాధించును. నున్నని కాగితముపై పిల్లల కాళ్లు జాఱి చీలిపోవును, అట్టి పిల్ల మరల నిలుచుట కష్టము. మొదటి రెండు మూడు దినములు ఊక తినకుండ దానిపై గరుకైన గోనెపట్ట పఱచుట మేలు.

రెండు అంగుళముల మందము చాలును. పిల్ల యొకటికి అర చదరపు అడుగు చొప్పున 50 పిల్లలకు 25 చదరపు అడుగులు. ఇందులకు రెండు గోనెసంచుల ఊక సరిపోవును. ప్రతిదినమును కలియబెట్టి, నీళ్లపాత్ర చుట్టు తడిసినదానిని తీసివేసి పొడిది వేయవలెను. పిడికెడు లిట్టరును నొక్కి విడువుడు. ముద్దయై నిలిచినచో తడి యెక్కువ, విడిపోయినచో క్షేమము. మఱియు నిలువబడి వాసన చూచిన లాభము లేదు. చతికిలబడి, పిల్లల యెత్తున ముఖముంచి చూడుడు. కన్ను మండినచో వాటి కన్నులును మండుచున్నవని యెఱుగుడు. తడి లిట్టరులోనే రక్తపారుడు వ్యాధిని గలిగించు కాక్సిడియా గ్రుడ్లు ఒకటి రెండు దినములలో పక్వమై పిల్లల కంటుకొనును.

కడపట మన సంఘమునకొక మనవి. పిల్లలకు అప్పిచ్చుచున్నాము, దాణాకు అప్పిచ్చుచున్నాము. రెండు సంచుల ఊకను లెక్కలో చేర్చుటలేదు. ఊక బాయిలర్లకును ఇటుకబట్టీలకును పోవుచున్నందున, ముసురుపట్టినపిదప పొడి ఊక వెదకిన దొరకదు. వైశాఖమాసమునందే సంఘము కొంత ఊకను కొని, చెఱిగించి, గిడ్డంగిలో నేల తగులకుండ బల్లలపై నిలువచేసి, పిల్లలతోబాటు సభ్యులకు వెలకిచ్చుట నా కోరిక. ఇందులకు మూలధన మల్పము. ఇయ్యది జరిగియున్నచో ఆ వితంతువు నా మాటపై నాధారపడవలసిన యగత్యమే యుండకపోయెడిది. రాబోవు సర్వసభ్యసమావేశమున సభ్యులీ విషయమును చర్చింతురుగాక.