శాలువాలు సరే, పట్టా ఎవరి పేరున?

మార్చి 8 వచ్చిందంటే జిల్లా కేంద్రాల్లోని కళ్యాణ మండపాలకు తీరిక ఉండదు. వ్యాపారంలో రాణించిన మహిళ, కుటుంబాన్ని నిలబెట్టిన తల్లి, సమాజసేవకురాలు అంటూ విభాగాల వారీగా స్త్రీలను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ముఖ్య అతిథి ఉపన్యాసం ముగిసేదాకా కూర్చోబెట్టి పంపే ఆనవాయితీ ఏటా యథావిధిగా సాగిపోతుంది. సన్మానపత్రంలో ఆమె వ్యాపారం కంటే ఆమె ఓర్పుకే ఎక్కువ పంక్తులు దక్కుతాయి. ఇంటిని చక్కదిద్దుకుంటూనే ఇంత సాధించిందన్న మెచ్చుకోలు లేనిదే ఏ పత్రమూ పూర్తికాదు గానీ, అదే వేదిక మీద సన్మానం అందుకునే పురుషుడి ఇల్లు ఎవరు చక్కదిద్దారని అడిగేవారుండరు. ఓర్పును పొగడటానికి పైసా ఖర్చు లేదు కనుక పొగడ్త ధారాళంగా సాగుతుంది.

తెలుగు నేల మీద స్త్రీలు సాధించిన పెద్ద విజయాల్లో ఒకటి ఈ విభాగాల్లో దేనిలోనూ ఇమడదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభంలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం కింద నడిచిన రాత్రి బడిలో, తాగుబోతు భర్తతో వేగలేక తోటి స్త్రీలను కూడగట్టిన సీతమ్మ కథను పాఠంగా చదువుకున్న కూలి స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ప్రభుత్వమే 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో సారాను పాకెట్లలో ఊరూరికీ చేరవేసిన తర్వాతి రోజులవి. ఆ స్త్రీలలో వర్ధినేని రోశమ్మ పేరు నలుగురికీ తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు సాగనివ్వకుండా అడ్డుపడిన వేలాది స్త్రీల పేర్లు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వారి ఒత్తిడికి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. ఈ రెండోదాన్ని 1997లోనే ఎత్తివేశారు.

సారాకు పోయే డబ్బు చేతిలో మిగలగానే ఆ జిల్లా స్త్రీలు రోజుకో రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టగా, అది పొదుపులక్ష్మి అన్న పేరుతో వ్యాపించింది. 1982లో కేంద్రం ఆరంభించిన డ్వాక్రా, అంటే గ్రామీణ స్త్రీ శిశు అభివృద్ధి పథకం, అప్పటికే ఉంది. స్వయం సహాయక సంఘం పొదుపునూ దాని పుస్తకాలనూ చూసి బ్యాంకు తనఖా లేకుండా అప్పిచ్చే అనుసంధాన పద్ధతిని నాబార్డు 1992లో 500 సంఘాలతో ప్రారంభించింది. సంఘాలకు ‘పంచసూత్రాలు’ అనే నియమాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, సభ్యులకు సంఘం సొమ్ములోంచే ఇచ్చుకునే అంతర్గత అప్పు, సకాలంలో తిరిగి చెల్లింపు, సరైన పుస్తకాల నిర్వహణ. అయిదోదే తక్కిన నాలుగింటికీ ప్రాణం. ఏ పాత సంఘం మినిట్స్ పుస్తకం తెరిచినా తేదీ, హాజరైనవారి పేర్లు, ఎవరి వాయిదా ఎంత, ఎవరికి గేదె కోసం, ఎవరికి పిల్ల ఫీజు కోసం, ఎవరికి కుట్టుమిషను కోసం అప్పు ఇవ్వాలని తీర్మానించారో వరుసగా కనబడతాయి. మొదటి పేజీల్లో వేలిముద్ర వేసిన మనిషే కొన్నేళ్ల తర్వాతి పేజీలో వంకరటింకరగా సంతకం చేసి ఉంటుంది. తెలుగు స్త్రీల ఆర్థిక చరిత్రకు ఇంతకంటే నమ్మదగిన ఆధారం దొరకదు. అయినా నిండిపోయిన ఆ పుస్తకాలు లీడరు ఇంటి ట్రంకుపెట్టెలో చెదల పాలవుతున్నాయి తప్ప, వాటిని సేకరించి భద్రపరచాలన్న ఆలోచన ఏ విశ్వవిద్యాలయానికైనా వచ్చిన జాడ లేదు. శిలాఫలకాల మీద మంత్రుల పేర్ల వరుస తప్పకుండా చూసే శ్రద్ధలో పదో వంతు చాలు ఆ పనికి.

సంఘానికి తనఖా లేకుండా రూ. 20 లక్షల దాకా అప్పివ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2021లో చెప్పింది; అయితే పదిమంది పంచుకునే ఆ సొమ్ముతో పచ్చళ్ల వ్యాపారం మొదలవుతుంది గానీ, షెడ్డు వేసి యంత్రాలు బిగించేంత పెద్ద అప్పు కావాలంటే బ్యాంకు సాధారణంగా ఆస్తి కాగితం అడుగుతుంది. ఆ కాగితం మామ పేరునో భర్త పేరునో ఉంటుంది. చట్టం లేక కాదు. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుహక్కు ఇచ్చింది. దేశమంతటికీ అటువంటి హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. ఇంత ముందు నడిచిన నేలమీదే, పసుపు కుంకుమల కింద ఏదో ముట్టజెప్పి, కూతురిచేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుని, అన్నదమ్ములతో సఖ్యత చెడకూడదు తల్లీ అని నచ్చజెప్పే పెద్దమనుషులకు కొదవ లేదు. సన్మానసభల్లో ముందు వరుస కుర్చీలు తరచు వారివే.

ఖర్చు లేని గౌరవానికి మరో ఉదాహరణ ఉంది. లంకల గన్నవరంలో దారినపోయేవారందరికీ వండిపెట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మ, బ్రిటిష్ చక్రవర్తి పట్టాభిషేక దర్బారుకు ఆహ్వానం వస్తే అన్నదానం ఆగిపోతుందని కాదన్నదని గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో మధ్యాహ్న బడి భోజనానికి ఆమె పేరు పెట్టడం ఉచితమే. ఆ భోజనం వండే స్త్రీలకు, వారిలో సంఘాల సభ్యులే ఎక్కువ, ఇచ్చే గౌరవ వేతనాన్ని 2019లో రూ. 1,000 నుంచి రూ. 3,000కు పెంచారు గానీ, సరుకుల బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్టులో అరువు తెచ్చేదీ, ఆ కొట్టువాడి మాట పడేదీ వారే.

వారి వేతనం పెంచడానికి డబ్బు లేదన్న జవాబు ఇక్కడ చెల్లదు. దూబగుంట ఉన్న రాష్ట్రంలోనే 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగిరాని రుసుము రూ. 2 లక్షలు, అంటే ఒక్క సీసా అమ్ముడుపోకముందే ఖజానాకు చేరినది సుమారు రూ. 1,800 కోట్లు. లక్షమంది వంటమ్మలకు నెలకు మరో మూడు వేలు పెంచినా బడి నడిచే పది నెలలకు అయ్యేది రూ. 300 కోట్లు.