రెండు తలుపుల బండికి ఒకటే ఇంజనా?

వ్యాసర్పాడిలో ఇల్లు మారాలన్నా, కోయంబేడు నుంచి కూరగాయల మూటలు రావాలన్నా, పెళ్ళికి షామియానా సామాను దించాలన్నా ముందు ఫోన్ వెళ్ళేది కుట్టి యానై డ్రైవరన్నకే. తడ దాటితే అదే టాటా ఏస్. దానికంటే ఓ సైజు పెద్దవి పికప్ బండ్లు. ముందు రెండు తలుపుల క్యాబిన్, వెనక తొట్టి. ఈ బండ్ల మీద బతికే కుటుంబాల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. రోజుకు పది, పన్నెండు గంటలు ఆ క్యాబిన్‌లోనే గడిపే మనిషికి, బండి కొనేటప్పుడు ఎంచుకోవడానికి కంపెనీలు ఏం మిగిల్చాయి? రంగు తప్ప పెద్దగా ఏమీ లేదు.

దూరం పోనక్కర్లేదు. జీఎన్‌టీ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళితే, చెన్నైకి 55 కి.మీ. దూరంలో, సరిహద్దుకు అవతలే శ్రీసిటీ. 2016 ఏప్రిల్‌లో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైంది అక్కడే. ఆ కంపెనీ పికప్పుల్లో రెండు రకాలు చూడండి. లోడు కోసం చేసిన రెండు తలుపుల డీ-మ్యాక్స్ 2020 అక్టోబరులో బీఎస్-6 రూపంలో వచ్చింది. ఇంజన్ 2.5 లీటర్ల డీజిల్, బలం 78 హార్స్ పవర్. ఐదు గేర్లు, అవీ చేత్తో వేసేవే. ఇంజన్ తిప్పేది వెనక చక్రాలను మాత్రమే. ఇక షోకు కోసం కొనుక్కునే నాలుగు తలుపుల వీ-క్రాస్ 2021 మే నెలలో కొత్త ఇంజన్‌తో వచ్చింది. సైజు 1.9 లీటర్లే, బలం మాత్రం 163 హార్స్ పవర్. ఆటోమేటిక్ గేర్లు కావాలంటే ఉన్నాయి, నాలుగు చక్రాలూ తిరగాలన్నా ఉంది. అంటే టన్నుకు పైగా మోసేదానికి సగం బలం కూడా లేదు. ఆదివారం మహాబలిపురం వెళ్ళొచ్చేదానికి రెట్టింపు.

ఒక్క ఇసుజునే అనడం న్యాయం కాదు. అమెరికాలోనూ ఇదే తంతు. ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కులో హైబ్రిడ్ ఇంజన్ కావాలంటే నాలుగు తలుపుల పెద్ద క్యాబిన్ కొనాల్సిందే.

కంపెనీల జవాబు ఒకటే. లోడు బండి కొనేవాడు ధర, మైలేజీ, నెల డ్యూ చూస్తాడు, ఇంకేదీ అడగడు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. తక్కువ బలం ఉన్న ఇంజన్ మీద ఒత్తిడి తక్కువ, రిపేరు సులువు, వీధి చివర మెకానిక్‌కీ తెలుసు. మన డ్రైవర్లలో చాలామంది చెప్పేదీ ఇదే.

కానీ అడగలేదు కాబట్టి అవసరం లేదనుకోవడం తప్పు. 2005 మే నెలకు ముందు నాలుగు చక్రాల చిన్న ట్రక్కు కావాలని ఎవరడిగారు? అప్పట్లో మూడు చక్రాల ఆటోలోనే సామాను కుక్కేవాళ్ళు. రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజన్‌తో, 16 హార్స్ పవర్‌తో ఏస్ వచ్చాక సందుసందునా అదే. అమ్మకాలు పెరిగాక పెట్రోలు వచ్చింది, సీఎన్‌జీ వచ్చింది, 2022లో కరెంటు ఏస్ కూడా వచ్చింది. గిరాకీ ఉందని తెలిస్తే కంపెనీలే రకాలు తెస్తాయి.

గేర్ల సంగతి చూద్దాం. బేసిన్ బ్రిడ్జి దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో లోడు బండి నడిపేవాడి ఎడమ కాలికి క్లచ్ మీద నుంచి దిగే తీరికే ఉండదు. 2014లో ఐదు లక్షల లోపు మారుతి సెలెరియో కారుకే క్లచ్ లేని గేర్లు ఇచ్చారు. పది లక్షలు పోసే డీజిల్ పికప్పుకు ఆ వసతి ఎందుకు రాకూడదు?

పొగ రూలుతో ఇంకో చిక్కు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6. డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ పెట్టారు. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా కాస్త వేగంగా పోవాలి. మూలకడై నుంచి పెరంబూరుకు ఆగుతూ పాకే బండికి ఆ అవకాశం ఎక్కడ? వార్నింగ్ లైటు వెలిగితే షెడ్డుకు పోవాలి, ఆ రోజు కిరాయి పోయినట్టే. ఊళ్ళో తిరిగే బండికి ఒక ఇంజన్, నెల్లూరు రొయ్యల గుంటల గట్ల మీద బురదలో తిరిగే బండికి ఇంకొకటి కావాలి. ఊళ్ళో బండికి సీఎన్‌జీ, గట్ల మీద దానికి నాలుగు చక్రాల పట్టు. సీఎన్‌జీ కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి, టాటా యోధలో నాలుగు చక్రాల డ్రైవ్ కూడా తెచ్చారు. చేయడం రాక కాదన్నమాట.

సర్కారు చూపు కూడా చిన్న బండి మీద పడలేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. అది మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన వాటికే. అంతకు లోపుండే మన పికప్పులు ఆ లెక్కలోకి రావు. మే నెల ఎండ మాత్రం ఇద్దరికీ ఒకటే.

మరి ఏం చేయాలి? 163 హార్స్ పవర్ ఎవరూ అడగడం లేదు. నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక బండ్లు హారన్ కొట్టకుండా ఉండేంత బలం చాలు. క్లచ్ లేని గేర్లు, నాలుగు చక్రాల డ్రైవ్, కోరినవాళ్ళకు, అదనపు ధరకే ఇవ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ మిగులులో కొంత పెట్టి మంచి గేర్‌బాక్స్ కొనుక్కుందామనే ఓనర్లు తప్పకుండా ఉంటారు.

ఒక్కడు అడిగితే షోరూములో నవ్వి ఊరుకుంటారు. స్టాండులోని యాభై బండ్ల ఓనర్లు సంఘంగా కలిసి, తమిళంలోనూ తెలుగులోనూ రాసి సంతకాలు పెట్టి ఇస్తే డీలరు ఆ కాగితాన్ని పైకి పంపక తప్పదు. కొత్త బండికి అడ్వాన్స్ కట్టే ముందే ఆ మాట అడగండి. చేతిలో డబ్బున్నప్పుడే మన మాటకు విలువ.